మామిడి సీజన్‌లో ఇద్దరు విదేశీ ట్రైనీలు: చిత్తూరులో మా అనుభవం

"వాళ్ళని ఎక్కడ కూర్చోబెడదాం అమ్మా?"

ఇద్దరు విదేశీ ట్రైనీలు రావడం ఖాయమైన రోజు మా ఓనరు గారు అడిగిన మొదటి మాట ఇది. అప్పుడు నాకూ అదే పెద్ద సమస్య అనిపించింది. ల్యాబ్ పక్క ఏసీ గది ఖాళీ చేయించాం, కొత్త టేబుళ్ళు రెండు తెప్పించాం, గోడలకు రంగు వేయించాం. వచ్చినవాళ్ళు మూడు నెలలు ఏం పని చేస్తారు అన్నది మాత్రం ఎక్కడా ఒక్క ముక్క రాసుకోలేదు.

మాది చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. నేను క్వాలిటీ విభాగం చూస్తాను. జూన్, జూలై నెలల్లో తోతాపురి, మిగతా రోజుల్లో జామ, బొప్పాయి. గుజ్జు 200 లీటర్ల అసెప్టిక్ (సూక్ష్మక్రిములు చేరని) బ్యాగుల్లో, డ్రమ్ముల్లో చెన్నై పోర్టు నుంచి వెళ్తుంది. 2025 సీజన్‌కి నెదర్లాండ్స్ నుంచి ఒక అబ్బాయి, కెన్యా నుంచి ఒక అమ్మాయి వచ్చారు. ఇద్దరూ 2024లో ఫుడ్ టెక్నాలజీ డిగ్రీ పూర్తి చేసినవాళ్ళే. ఆ అబ్బాయిని మా దగ్గరికి ఆడిట్‌కి వచ్చిన ఒకాయన పంపాడు. ఆ అమ్మాయిని ఇంతకుముందు నాతో పనిచేసి ఇప్పుడు నైరోబీలో ఉద్యోగం చేస్తున్న మిత్రుడొకరు పంపాడు. మా జిల్లాలో ఇలాంటి ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి, పిలుద్దామనుకునేవాళ్ళు కొందరైనా ఉంటారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు వీసా సంగతి. మాకు పరిచయమున్న ఒక ఏజెంటు, "టూరిస్ట్ వీసా మీద రమ్మనండి మేడం, ఎవరూ అడగరు, మూడు రోజుల్లో వచ్చేస్తుంది" అన్నాడు. ఓనరు గారు కాసేపు ఆ మాట వైపు మొగ్గారు కూడా. నేను ఒప్పుకోలేదు. టూరిస్ట్ వీసా మీద వచ్చిన పిల్లలు ఫ్యాక్టరీలో పనిచేస్తూ దొరికితే ఇబ్బంది మాకంటే వాళ్ళకే ఎక్కువ. వాళ్ళ పాస్‌పోర్టు మీద మచ్చ పడుతుంది, అది జీవితమంతా వెంటాడుతుంది. మన దేశంలో దీనికోసమే ఇంటర్న్ వీసా ఉంది. డిగ్రీ పూర్తయ్యాక ఇంటర్న్‌షిప్ మొదలవడానికి రెండేళ్ళకు మించి తేడా ఉండకూడదు. వీసా ఇంటర్న్‌షిప్ ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళే ఇస్తారు, ఎంత ఎక్కువైనా ఏడాది దాటదు. కంపెనీలో చేసేవాళ్ళకు ఏడాదికి 3.60 లక్షల రూపాయల లెక్కకు తగ్గకుండా ఇవ్వాలి, అంటే నెలకు 30 వేలు. ఈ 30 వేల దగ్గర మా ఫ్యాక్టరీలో ఎంత గొడవ అయిందో తర్వాత చెప్తాను.

మా లెటర్‌హెడ్ మీద ఆహ్వానపత్రం రాశాం. ఎన్ని నెలలు, ఏ విభాగం, నెలకు ఎంత, ఉండే చోటు ఎవరు చూస్తారు, అన్నీ అందులో పెట్టాం. మొదటిసారి పంపిన ఉత్తరంలో "వివిధ విభాగాలలో శిక్షణ" అని మాత్రమే రాశాను. ఆ అబ్బాయి అక్కడ వీసాకి వెళితే, ఏ శిక్షణో వివరంగా రాయించి తెమ్మని వెనక్కి పంపారు. దానికి రెండు వారాలు పోయాయి. ఏం పని ఇస్తామో మాకే తెలియదన్న సంగతి ఆ కాగితం అప్పుడే బయటపెట్టింది. నాకు మాత్రం అప్పుడు అర్థం కాలేదు, అందంగా నాలుగు పేరాలు అల్లి పంపేశాను.

కెన్యా నుంచి వచ్చేవాళ్ళ విషయంలో ఇంకొకటి మర్చిపోకూడదు, ఎల్లో ఫీవర్ టీకా. ఆ దేశం నుంచి వచ్చేవాళ్ళు టీకా సర్టిఫికెట్ చూపించాలి, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకుని ఉండాలి. లేకపోతే ఎయిర్‌పోర్టు నుంచే క్వారంటైన్‌కి పంపే వీలుంది. ఆ అమ్మాయికి నేను మూడుసార్లు ఫోన్ చేసి అడిగాను. మూడోసారి నవ్వి, పసుపు రంగు పుస్తకం ఫొటో తీసి పంపింది.

ఉండే ఇల్లు దొరకడానికి వీసా కంటే ఎక్కువ తిరిగాను. విదేశీయులు ఎవరింట్లో దిగినా, ఆ ఇంటివాళ్ళు 24 గంటల్లోపు సి ఫారం (ఎవరు దిగారో తెలిపే పత్రం) ఆన్‌లైన్‌లో పెట్టాలన్నది అప్పటి నిబంధన. హోటళ్ళకే కాదు, అద్దెకిచ్చే మామూలు ఇళ్ళకూ ఇది వర్తించేది. ఈ మాట చెప్పగానే ఇద్దరు ఇంటి ఓనర్లు వెనక్కి తగ్గారు. కొంగారెడ్డిపల్లిలో రిటైరైన టీచరమ్మ ఒకరు పై పోర్షన్ ఇవ్వడానికి ఒప్పుకున్నారు గానీ ఆమెకూ భయమే.

"పోలీసోళ్ళు మా ఇంటికి వస్తారా?"

"ఎందుకొస్తారు పెద్దమ్మా. పాస్‌పోర్టు, వీసా, ఫొటో అప్‌లోడ్ చేస్తే సరిపోతుంది. నేనే పక్కన కూర్చుని చేయిస్తా."

"పేరు నాదే పడుతుంది కదమ్మా?"

"పడుతుంది. అమ్మాయి మీ ఇంట్లో క్షేమంగా ఉందని ప్రభుత్వానికి తెలియడానికే ఆ పేరు."

ఆ మాటతో ఆమె కుదుటపడింది. అమ్మాయి దిగిన సాయంత్రమే ఇద్దరం కూర్చుని ఫారం నింపాం. అబ్బాయికి మిట్టూరులో గది దొరికింది. వీసా 180 రోజుల లోపే కాబట్టి విడిగా రిజిస్ట్రేషన్ అవసరం రాలేదు. 2025 సెప్టెంబర్ 1 నుంచి పాత చట్టాల స్థానంలో ఇమ్మిగ్రేషన్ అండ్ ఫారినర్స్ యాక్ట్, 2025 అమల్లోకి వచ్చింది. కాబట్టి ఇప్పుడు పిలిచేవాళ్ళు మా కాలపు ఫారాలు పట్టుకోకుండా కొత్త నిబంధనలు చదువుకోవాలి. పాన్ కార్డు, ఆడిటర్ పనులు టైం తీసుకున్నాయి గానీ వాటిలో చిక్కేమీ లేదు.

మే మూడో వారంలో ఇద్దరూ వచ్చారు. కారు పంపి చెన్నై నుంచి తీసుకొచ్చాం. పూలదండలు, కొబ్బరినీళ్ళు, క్యాంటీన్‌లో స్పెషల్ భోజనం. రెండు వారాల పాటు రోజుకో విభాగం చూపించాం. ఎక్కడికెళ్ళినా కుర్చీ వేశారు, ఎక్కడా చేతికి పని ఇవ్వలేదు. పదో రోజు ఆ అమ్మాయి నా గదికి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఏమన్నా ఇబ్బందా అని అడిగాను.

"మీరు నన్ను చాలా బాగా చూసుకుంటున్నారు. కానీ నేను చుట్టపుచూపుకి రాలేదు. మా అమ్మానాన్న అప్పు చేసి నాకు టికెట్ కొన్నారు. తిరిగి వెళ్ళాక నాకేం వచ్చని అడుగుతారు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా పిల్ల వేరే దేశం వెళితే అక్కడివాళ్ళు దండ వేసి, ఏసీలో కూర్చోబెట్టి, ఏమీ నేర్పకుండా పంపితే నేను సంతోషిస్తానా? మర్నాడు ఆరు గంటలకే ఫ్యాక్టరీకి వెళ్ళి, కాగితం తీసి, ఆ వీసా ఉత్తరంలో అల్లిన నాలుగు పేరాలను నిజం చేయడానికి కూర్చున్నాను.

ఒక్కొక్కరికి ఒక్క పని. దాని బాధ్యత పూర్తిగా వాళ్ళదే. ప్రతి ఒక్కరికీ జోడీగా మన ట్రైనీ ఒకరు, ప్రతి శనివారం నాతో గంటసేపు మాట. అమ్మాయికి మాగబెట్టే గదులు ఇచ్చాను. కాయ కోసి వచ్చినప్పటి నుంచి ఎన్ని గంటలకు బ్రిక్స్ (తీపి శాతం) ఎంత పెరుగుతోంది, గదిలో ఏ మూల కాయ వెనకబడుతోంది అన్నది ఆమె తేల్చాలి. అబ్బాయికి డ్రమ్ముల చరిత్ర అప్పజెప్పాను. యూరప్ వాళ్ళ ఆహార చట్టం 178/2002 ప్రకారం అక్కడి వ్యాపారులు సరుకు ఎవరి దగ్గర కొన్నారో, ఎవరికి అమ్మారో చూపించగలగాలి. మా రికార్డులు ర్యాంపు (రైతుల కాయ కొని పోగుచేసే చోటు) దాకా వచ్చి ఆగిపోయేవి. ర్యాంపు వెనక ఏ ఊరి కాయ ఉందో దొరకదు. దాన్ని ఊరి దాకా తీసుకెళ్ళమన్నాను.

అప్పుడు ఓనరు గారికి ఇంకో అనుమానం వచ్చింది. "అన్నీ నేర్చుకుని రేపు వాళ్ళ ఊళ్ళో ఫ్యాక్టరీ పెడితే?" అది తప్పు ప్రశ్న అని నేను అనను. కస్టమర్ల స్పెసిఫికేషన్లు, ధరలు ఉన్న ఫైళ్ళు వాళ్ళకు చూపించకూడదని రాసుకుని, గోప్యత ఒప్పందం మీద సంతకాలు తీసుకున్నాం. మిగతాది దాచాల్సిన విద్య కాదు. గుజ్జు తీసే పద్ధతి పుస్తకాల్లో ఉన్నదే. కెన్యాలో మామిడి నవంబర్ నుంచి మార్చి దాకా, మనకు జూన్, జూలై. మనకు పోటీ ఎక్కడిది?

కాయ మాగబెట్టడానికి ఇథిలీన్ గ్యాస్‌ను 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో 100 భాగాలు) దాకా వాడవచ్చని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతి ఉంది, కార్బైడ్ వాడకం నిషేధం. ఆ అమ్మాయి బ్రిక్స్ కొలిచే రిఫ్రాక్టోమీటర్ జేబులో వేసుకుని తెల్లవారుజామున గదుల్లోకి దిగేది. ప్రతి క్రేటు మీద సుద్దతో నంబరు వేసి, పై వరస, కింది వరస, తలుపు పక్క, గోడ పక్క కాయలు కోసి చూసేది. తలుపు పక్క వరసలో కాయ ఎప్పుడూ వెనకబడుతోందని మూడో వారానికి పట్టుకుంది. చూస్తే తలుపు రబ్బరు ఒక చోట పగిలి గ్యాస్ బయటికి పోతోంది. ఆ తలుపు ముందు నుంచి మేము రోజుకు పదిసార్లు నడిచేవాళ్ళం.

కాయ ఏరే ఆడవాళ్ళకు ఆమె అంటే ప్రాణమైంది. అది క్యాంటీన్‌లో మొదలైంది. స్పెషల్ భోజనం మాన్పించాక ఒకరోజు అందరితో పాటు బంతిలో కూర్చుంటే రాగి సంగటి, చెనిక్కాయల (వేరుశనగ) ఊరుబిండి పచ్చడి వడ్డించారు. సంగటి ముద్ద చూసి "ఉగాలి!" అని గట్టిగా అరిచింది. వాళ్ళ ఊళ్ళో మొక్కజొన్న పిండి ఉడకేసి ముద్ద చేస్తారట, చేత్తోనే తింటారట. రాగుల్ని వాళ్ళు వింబి అంటారని చెప్పింది. చేత్తో ముద్ద విరిచి, బొటనవేలితో గుంట చేసి, ఊరుబిండి అందులో తీసుకుని తినేసరికి మా మేస్త్రీ అక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మన పిల్లే కదా మేడం" అంది నాతో. మామిడిని స్వాహిలీలో ఎంబె అంటారని తెలిసి, ఆ సీజనంతా కాయ దించేటప్పుడు మేస్త్రీ అక్క "ఎంబె వచ్చింది, రండమ్మా" అని పిలిచేది.

ఇక 30 వేల సంగతి. మా దగ్గర ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు లోకల్ ట్రైనీలు ఉంటారు, జిల్లాలోని కాలేజీల్లో చదివినవాళ్ళు. వాళ్ళకిచ్చేది నెలకు 8 వేలు. విదేశీ ట్రైనీలకు ఎంతిస్తున్నామో జూన్ మొదటి వారానికి అందరికీ తెలిసిపోయింది. వాళ్ళలో ఒక అబ్బాయి, పలమనేరు వైపు నుంచి వచ్చినవాడు, నా దగ్గరికి వచ్చి, "మేడం, ఒకే టేబుల్, ఒకే పని. ఆయనకి నేను తెలుగు చెప్పి పెట్టాలి కూడా. నాకెందుకు 8?" అన్నాడు. వీసా నిబంధన అని చెప్పాను. ఆ జవాబు నిజమే గానీ సరిపోలేదు. నిబంధన ఆ అబ్బాయికి ఎక్కువ ఇవ్వమంది, ఈ అబ్బాయికి తక్కువ ఇవ్వమని ఎక్కడా అనలేదు కదా. ఓనరు గారితో రెండు రోజులు వాదించాను. చివరికి లోకల్ ట్రైనీలందరికీ 15 వేలు, రాత్రి షిఫ్టుకి భోజనం, బండి ఖర్చు ఒప్పించగలిగాను. సమానం కాలేదు. ఇప్పటికీ ఆ తేడా నాకు గుచ్చుకుంటూనే ఉంది. విదేశీయుల్ని పిలిచే ప్రతి కంపెనీ ఈ ప్రశ్నకు ముందే జవాబు సిద్ధం చేసుకోవాలి, ఎందుకంటే అడగడం మానేసిన పిల్లలు పనిలో మనసు పెట్టడం కూడా మానేస్తారు.

2025 జూన్ మా జిల్లాలో ఎలా గడిచిందో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. కాయ విపరీతంగా వచ్చింది, ధర పడిపోయింది. తోతాపురికి కిలోకి 12 రూపాయలు దక్కాలని, అందులో ఫ్యాక్టరీలు 8, తాను 4 ఇస్తానని ప్రభుత్వం ప్రకటించింది. టోకెన్లు ఇచ్చినా గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. మా గేటు ముందూ అంతే. ఒక రాత్రి తొమ్మిదిన్నరకు ఆ నెదర్లాండ్స్ అబ్బాయి, మా పలమనేరు అబ్బాయి ఇద్దరూ టార్చి లైటు, నోటుపుస్తకం పట్టుకుని ట్రాక్టర్ల వరస వెంట నడవడం కనిపించి నేనూ వెళ్ళాను. తవణంపల్లె వైపు నుంచి వచ్చిన ఒక పెద్ద రైతు ట్రాలీ పక్కన దుప్పటి పరుచుకుని పడుకుని ఉన్నాడు.

"ఎన్ని గంటలైంది వచ్చి?" అని తెలుగులోనే అడిగాడు ఆ అబ్బాయి, నేర్చుకున్న నాలుగు ముక్కల్లో.

"గంటలు కాదు నాయనా, ఇది రెండో రాత్రి. అడుగు కాయ మెత్తబడిపోతాంది. లోపలికి పోయేసరికి సగం తీసేస్తారు."

అతను రాసుకోవడం ఆపి నా వైపు చూశాడు. నేనేం చెప్పగలను? లోపల గదులు నిండి ఉన్నాయి, లైను పగలూ రాత్రీ నడుస్తోంది, గోదాములో నిరుటి డ్రమ్ములు ఇంకా అమ్ముడుపోలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఈ గుజ్జు మీ ఊళ్ళో జ్యూస్ డబ్బాలో పడే ముందు ఈ రోడ్డు మీద రెండు రాత్రులు పడుకుంటుంది అన్నాను.

మర్నాటి నుంచి అతని పని మారిపోయింది. డ్రమ్ము ఏ ఊరిదో రాయడంతో పాటు, ట్రాక్టరు గేటు ముందుకు ఎప్పుడు వచ్చింది, కాటా ఎప్పుడైంది, ఏరి పారేసినది ఎన్ని కిలోలు అన్నదీ రాయడం మొదలుపెట్టారు. అతను మొదట తయారుచేసిన పట్టీ ఇంగ్లీషులో, కంప్యూటర్‌లో, పద్దెనిమిది గడులతో ఉంది. కాటా దగ్గర ఎవరూ నింపలేదు. వారం తర్వాత మా పలమనేరు అబ్బాయి దాన్ని ఏడు గడులకు కుదించి, తెలుగులో, మండలం వారీగా ఊళ్ళ పేర్లు ముందే అచ్చు వేయించి, రిజిస్టరు కుట్టించాడు. అప్పటి నుంచి ఒక్క షిఫ్టు కూడా ఖాళీ లేదు. రెండో రాత్రి దాటిన లోడ్లలో ఏరిపారేసే కాయ మొదటి రోజు లోడ్ల కంటే దాదాపు రెట్టింపు ఉందని జూలై మొదటి వారానికి లెక్క తేలింది. ఆ రిజిస్టరు ఓనరు గారి టేబుల్ మీద పెట్టాం. టోకెన్లు రోజువారీగా కాకుండా గంటల వారీగా ఇవ్వడం ఆ వారంలోనే మొదలైంది. వరస పూర్తిగా పోలేదు, తగ్గింది.

మధ్యలో నెదర్లాండ్స్ అబ్బాయికి వడదెబ్బ, వాంతులు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆసుపత్రిలో చేర్చే ముందే ఇన్సూరెన్స్ వాళ్ళకు ఫోన్ చేయాలన్న సంగతి మాకు తెలియక డబ్బు వెనక్కి రావడానికి నెల పట్టింది. పాలసీ కాగితం ముందే చదివి, ఆ నంబరు గోడ మీద అతికించుకోవాలి.

జూలైలో ఒక ఆదివారం తిరుమల వెళ్ళాం. ఇద్దరూ అడిగారు. పాస్‌పోర్టులతో 300 రూపాయల టికెట్లు తీసుకున్నాం. అబ్బాయికి పంచె, అమ్మాయికి మా టీచరమ్మ ఇచ్చిన చీర. హిందువులు కానివాళ్ళు స్వామి మీద నమ్మకం ఉందని డిక్లరేషన్ ఇవ్వాలి. ఆ సంగతి కొండ ఎక్కే ముందే చెప్పాను. అమ్మాయి క్రైస్తవురాలు. ఫారంలో ప్రతి మాటకూ అర్థం అడిగి తెలుసుకుని, కాసేపు ఆలోచించి, దేవుడు ఒక్కడే అని నమ్ముతాను అంటూ సంతకం పెట్టింది. అబ్బాయి పెట్టలేదు.

"నాకు దేవుడి మీద నమ్మకం లేదు. లేకుండా సంతకం పెడితే మీ దేవుడి గుడిలో అబద్ధం చెప్పినట్టు అవుతుంది. నేను బయట ఉంటాను."

పంచె కట్టుకుని, అంత దూరం వచ్చి, ఆ మాట అన్నాడు. ఎవరు చూడొచ్చారు, పెట్టెయ్యి అని మా డ్రైవరు అనబోతే నేనే వారించాను. మేం దర్శనం చేసుకుని వచ్చేదాకా అతను మ్యూజియం చూసి, చెట్టు కింద కూర్చుని ఉన్నాడు. లడ్డూ ఇస్తే రెండు చేతులా తీసుకున్నాడు. లేని నమ్మకం మీద సంతకం పెట్టని మనిషి రిజిస్టరులో లేని అంకె వేయడని ఆ రోజే నాకు ధీమా వచ్చింది. ఓనరు గారికి కూడా ఇదే చెప్పాను. సీజన్ చివర్లో డ్రమ్ముల రికార్డుల మీద అతని సంతకం ఉంటే చాలని ఆయనే అనేవారు.

ఆగస్టు రెండో వారంలో ఇద్దరూ వెళ్ళారు. వెళ్ళే ముందు చెరొక రిపోర్టు ఇచ్చారు. నేను అడిగిన మీదట అందులో మా తప్పులూ రాశారు. మొదటి రెండు వారాలు వృథా అయ్యాయి, పని వేళల తర్వాత ఏం చేయాలో తెలిసేది కాదు, సమావేశాల్లో మీరంతా తెలుగులో మాట్లాడుకుని చివర్లో ఒక్క ముక్క ఇంగ్లీషులో చెప్పేవాళ్ళు అని. మూడూ నిజమే. నవంబర్‌లో ఆ అమ్మాయి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. వాళ్ళ సీజన్ మొదలైందట, ఉద్యోగంలో చేరిందట, మా గది తలుపు రబ్బరు ఏ మందంలో వేయించామో కనుక్కోమంది. కొలిచి పంపాను.

ఈ ఏడాది ఒక్కరినే పిలిచాం. ఆహ్వానపత్రంలో ఈసారి పని పేరుతో సహా రాశాను, జోడీగా ఉండే లోకల్ ట్రైనీ ఎవరో కూడా రాశాను. ఏసీ గది మళ్ళీ స్టోరుగా మారింది, టేబుళ్ళు రెండూ కాటా పక్కన షెడ్డులోకి వెళ్ళాయి. మొన్న ఇంటి కోసం అడుగుదామని ఫోన్ తీశాను, టీచరమ్మే ముందు చేసింది. "ఈసారి ఏ దేశం పిల్లనమ్మా? ఆ ఫారం నేనే నింపుతాను, నువ్వు రాకపోయినా పర్లేదు" అంది.